కట్టడం అప్పగించారు, కాగితాలెక్కడ?

నెల్లూరు తీరాన కోట, చిల్లకూరు మండలాల ఇసుక నేలల మీద ఒక పారిశ్రామిక నగరం లేవబోతోంది. చెన్నై-బెంగళూరు పారిశ్రామిక కారిడార్‌లో భాగంగా కృష్ణపట్నం నోడ్‌కు కేంద్ర మంత్రివర్గ సంఘం 2020 డిసెంబరులో ఆమోదం తెలిపింది. మౌలిక వసతుల అంచనా వ్యయం రూ.2,139.44 కోట్లు. తొలి దశ విస్తీర్ణం దాదాపు 2,500 ఎకరాలు. 2025 జనవరి 8న విశాఖపట్నంలో ప్రధాని దీనికి శంకుస్థాపన చేశారు. క్రిస్ సిటీ అని పేరు పెట్టిన ఈ నగరానికి రూ.10,500 కోట్ల పెట్టుబడులు వస్తాయని, ప్రత్యక్షంగా పరోక్షంగా లక్ష మందికి పని దొరుకుతుందని కేంద్రం చెబుతోంది. కోట మండలంలో ఇప్పుడు ఎవరు కలిసినా మాట్లాడేది భూముల గురించి, పరిహారం గురించి, ఉద్యోగాల గురించి. అవన్నీ మాట్లాడాల్సినవే. కానీ వాటి పక్కనే నిలబెట్టాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. ఈ రోడ్ల కింద వేసే మంచినీటి పైపులు, మురుగు కాల్వలు, కరెంటు కేబుళ్లు, పంపుహౌసులు, కల్వర్టులు, ట్యాంకులు పాతికేళ్ల తర్వాత ఎక్కడ ఉన్నాయో, దేనితో కట్టారో, ఎప్పుడు బాగుచేశారో చెప్పగలిగే రికార్డు ఎవరి దగ్గర ఉంటుంది? కట్టడానికి పెట్టే శ్రద్ధలో పదో వంతు ఈ ప్రశ్న మీద పెట్టినా, కోట తీరం రాష్ట్రంలో మిగతా ప్రాంతాలకు దారి చూపగలదు. పెట్టకపోతే, పాతికేళ్ల తర్వాత రోడ్డు తవ్వితే గానీ పైపు దొరకని మరో ఊరు తయారవుతుంది.

మన ప్రభుత్వ పనుల్లో సమాచారం ఎక్కడ తప్పిపోతుందో చూడాలంటే మామూలు పని ఒకటి మొదటి నుంచి చివరిదాకా గమనిస్తే చాలు. ఎస్టిమేట్ వేస్తారు, టెండరు పిలుస్తారు, పని మొదలవుతుంది. ఏఈ కొలతలు తీసి ఎంబుక్‌లో రాస్తారు, డీఈ సరిచూస్తారు, బిల్లు కదులుతుంది. ఎంబుక్ ఎంతో జాగ్రత్తగా నడిచే పుస్తకం, ఎందుకంటే అందులోని ప్రతి అంకె వెనకా డబ్బు ఉంటుంది. కానీ అది ఎన్ని క్యూబిక్ మీటర్ల కాంక్రీటు పోశారో చెప్పడానికి రాసిన పుస్తకం. ఆ కాంక్రీటు రేపు ఎలా ఉంటుందో కనిపెట్టడానికి రాసింది కాదు. పని పూర్తయ్యాక ఇవ్వాల్సిన యాజ్ బిల్ట్ డ్రాయింగులు చాలాచోట్ల టెండరు నాటి డ్రాయింగులకే కొత్త ముద్ర వేసినవి. స్థలం దగ్గర పైపు దారి మారిందా, పునాది లోతు పెరిగిందా, వాల్వు రెండు మీటర్లు అటు జరిగిందా అన్నది మేస్త్రీకి తెలుసు, ఫిట్టర్‌కు తెలుసు. ఏఈకి బదిలీ అవుతుంది, ఫిట్టర్ రిటైరవుతాడు. తర్వాత పైపు పగిలిన రోజున జేసీబీ వస్తుంది. ఒక లీకు కోసం నాలుగు చోట్ల తవ్వి, అయిదో చోట టెలిఫోన్ కేబుల్ తెంపుతారు. ఈ ఖర్చు ఏ పద్దులోనూ ‘సమాచారం లేనందుకు’ అని నమోదు కాదు, మరమ్మతు కిందే పోతుంది. అందుకే ఆ నష్టం ఎవరి కంటా పడదు.

ఇంజనీర్లు బిమ్ అని పిలిచే బిల్డింగ్ ఇన్ఫర్మేషన్ మోడలింగ్ ఈ ఖాళీని పూడ్చడానికే ఉంది. దాన్ని కంప్యూటర్‌లో గిరగిరా తిరిగే రంగుల బొమ్మగా చూపించేవాళ్లు దానికి అన్యాయం చేస్తున్నారు. మామూలు డ్రాయింగులో గోడ అంటే రెండు గీతలు. బిమ్ నమూనాలో గోడకు తాను గోడనని తెలుసు. తన మందం, వాడిన ఇటుక, కట్టిన తేదీ, పక్కనున్న తలుపు, లోపల నడిచే పైపు, అన్నీ దాని పేరు మీదే ఉంటాయి. పంపును నొక్కితే దాని కంపెనీ, హార్స్ పవరు, వారంటీ గడువు, కిందటిసారి బేరింగు మార్చిన రోజు కనిపిస్తాయి. ఒక సాఫ్ట్‌వేర్‌లో గీసింది ఇంకో సాఫ్ట్‌వేర్‌లో తెరుచుకునేలా ఐఎఫ్‌సీ అనే ఉమ్మడి ఫార్మాట్ ఉంది, దానికి అంతర్జాతీయ ప్రమాణం హోదా ఉంది. ఎవరు ఏ సమాచారం, ఏ దశలో, ఎవరికి ఇవ్వాలో చెప్పే ఐఎస్‌ఓ 19650 ప్రమాణం 2018లో వచ్చింది. కట్టిన తర్వాత నిర్వహణ కాలం కోసం దాని మూడో భాగం 2020లో వెలువడింది. ఈ సమాచారం లేకపోతే ఎవరికి ఎక్కువ నష్టమో అమెరికాలో ఒకసారి లెక్క కట్టారు. అక్కడి జాతీయ ప్రమాణాల సంస్థ నిస్ట్ 2004లో ఇచ్చిన నివేదిక ప్రకారం భవనాల సమాచారం ఒకరి నుంచి ఇంకొకరికి సరిగ్గా చేరకపోవడం వల్ల ఆ దేశం ఏటా 1,580 కోట్ల డాలర్లు పోగొట్టుకుంటోంది. అందులో దాదాపు మూడింట రెండు వంతులు భరించేది ఆర్కిటెక్టు కాదు, కాంట్రాక్టరూ కాదు, కట్టడాన్ని వాడుకుంటూ నిర్వహించే యజమాని. మన దగ్గర బడి, ఆసుపత్రి, బ్యారేజీ, తుపాను షెల్టరు, పారిశ్రామికవాడ రోడ్డు, అన్నింటికీ యజమాని ప్రభుత్వమే. అంటే ఆ నష్టం భరించేది మనమే. నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే: కట్టడంతో పాటు దాని సమాచారాన్ని కూడా పనిలో భాగంగా కొనాలి, అది అందేదాకా పని పూర్తయినట్టు లెక్క వేయకూడదు, అందిన తర్వాత అది ప్రజల ఆస్తిగా ఉండాలి.

ఉప్పు గాలిలో

ఈ మాట లోపలి జిల్లాలకంటే కోట లాంటి తీరానికి ఎక్కువ వర్తించడానికి బలమైన కారణం ఉప్పు. సముద్రపు గాలిలోని క్లోరైడు కాంక్రీటు లోపలికి మెల్లగా ఇంకి, ఇనుప కడ్డీ దాకా చేరిన రోజున తుప్పు మొదలవుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉన్నచోట ఇమడదు, అసలు ఇనుముకంటే కొన్ని రెట్లు ఉబ్బుతుంది. ఆ ఒత్తిడికి కాంక్రీటు పొడుగునా చీలి, శ్లాబు అడుగు నుంచి పెచ్చులు ఊడిపడతాయి. అప్పటికి జబ్బు ముదిరి ఏళ్లయి ఉంటుంది. అందుకే భారత ప్రమాణం ఐఎస్ 456 తీర వాతావరణానికి బయటపడి ఉండే కాంక్రీటును తీవ్ర పరిస్థితిగా లెక్కించి కనీసం ఎం30 గ్రేడు వాడాలని, కడ్డీకీ బయటి ముఖానికీ మధ్య 45 మిల్లీమీటర్ల కవర్ ఉండాలని చెబుతుంది. సముద్రపు తుంపర తగిలేచోట ఎం35, 50 మిల్లీమీటర్లు. ఆర్‌సీసీ కలిపే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. ఇప్పుడు కోట మండలంలోని కొత్తపట్నం వైపు ఒక తుపాను షెల్టరు పిల్లరును ఊహించండి. దాన్ని పోసిన రోజు కవర్ బ్లాకులు 45 పెట్టారా, 25 పెట్టారా? కలిపిన నీళ్లు ట్యాంకరులో తెచ్చిన మంచినీళ్లా, పక్క బోరులోని ఉప్పునీళ్లా? క్యూరింగ్ ఎన్నాళ్లు చేశారు, ఏ నీటితో చేశారు? ఇవి పోసిన వారంలో పది నిమిషాల్లో రాసుకోగలిగిన విషయాలు. పదిహేనేళ్ల తర్వాత తెలుసుకోవాలంటే కాంక్రీటుకు కోర్ తీయాలి, ల్యాబుకు పంపాలి, అప్పుడు కూడా కొంతే తెలుస్తుంది. ఒక మండలంలో పాతిక భవనాలు ఉంటే, వాటిలో ఉప్పునీటితో కట్టినవి ఏవో ముందే తెలిసిన ఇంజనీరు తనకున్న కొద్దిపాటి మరమ్మతు నిధిని ఎక్కడ ముందు ఖర్చు పెట్టాలో నిర్ణయించుకోగలడు. తెలియనివాడు పెచ్చులు ఊడిన చోటికల్లా పరుగెత్తాల్సిందే.

తుపాను షెల్టరు ఇంకో కారణంగా కూడా ప్రత్యేకం. 1977 నవంబరు దివిసీమ ఉప్పెన తర్వాత మన తీరంలో వీటి నిర్మాణం ఊపందుకుంది. ప్రపంచ బ్యాంకు సాయంతో 2011లో మొదలైన జాతీయ తుపాను ముప్పు తగ్గింపు పథకం తొలి దశలోనే ఆంధ్రప్రదేశ్, ఒడిశాలను చేర్చారు. షెల్టరు ఏడాదిలో మూడొందల అరవై రోజులూ పెద్ద పని లేకుండా నిలబడి, తుపాను వచ్చిన కొద్ది గంటల్లో మాత్రం తప్పకుండా పనిచేయాల్సిన భవనం. జనరేటరు తిరగాలి, మేడ మీది ట్యాంకుకు నీళ్లెక్కాలి, కిటికీ బోల్టులు పడాలి, మెట్ల పక్క ర్యాంపు మీద ముసలివాళ్లను, గర్భిణులను ఎక్కించగలగాలి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను ఈ తీరాన్ని ఒరుసుకుంటూ బాపట్ల వైపు వెళ్లినప్పుడు నెల్లూరు, తిరుపతి జిల్లాల్లో కుండపోత కురిసింది. అలాంటి వారంలో తహసీల్దారు ముందు ఉండాల్సింది షెల్టర్ల పేర్ల జాబితా మాత్రమే కాదు. ఏది ఎంతమందిని తట్టుకుంటుంది, ఏ దారిలో ఏ కల్వర్టు మునుగుతుంది, ఏ జనరేటరు ఈ సీజన్‌లో నడిపి చూశారు అన్నవి తేదీలతో సహా ఒకేచోట కనిపించాలి. తహసీల్దారు మారినా, ఆర్‌ఐ మారినా అవి మారకుండా ఉండాలి.

గేట్లు చెప్పిన సంగతి

కట్టడం గురించి తెలియకపోవడం, తెలిసినా అది చేరాల్సినచోట చేరకపోవడం ఎంత ఖరీదవుతుందో తెలుగు నేల ఈ కొన్నేళ్లలోనే చాలాసార్లు చూసింది. 2021 నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి, దిగువ ఊళ్లు కొట్టుకుపోయాయి. అయిదు గేట్లలో ఒకటి తెరుచుకోలేదని అప్పటి కేంద్ర జలశక్తి మంత్రి గజేంద్రసింగ్ షెకావత్ రాజ్యసభలో చెప్పారు. వచ్చిన వరద డిజైన్ సామర్థ్యాన్నే మించిందని రాష్ట్ర ప్రభుత్వం వాదించింది. రెండూ నిజం కావచ్చు. ఆ నీళ్లే పెన్నాలోకి దిగి నెల్లూరు పక్కన పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింది కట్టను కోసేశాయి. ప్రకాశం జిల్లాలో 2008లో ప్రారంభమైన గుండ్లకమ్మ ప్రాజెక్టులో 2022లో ఒక గేటు, 2023 డిసెంబరులో ఇంకో గేటు కొట్టుకుపోయాయి. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్‌లో 33 గేట్లలో 19వ దాని గొలుసు తెగింది. అనంతపురం, కర్నూలు రైతుల నీళ్లు కళ్లముందే నదిలోకి పోతుంటే, తెలుగువాడైన గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు సారథ్యంలో తాత్కాలిక గేటైన స్టాప్‌లాగ్‌ను అప్పటికప్పుడు తయారుచేయించి, ప్రవాహంలోనే దించి ఆపారు. ఆయన అనుభవానికి, అక్కడ పనిచేసినవాళ్ల తెగువకు చేతులెత్తి మొక్కాలి. అయితే డెబ్బై ఏళ్ల డ్యామ్‌కు అప్పుడు దిక్కయింది ఒక పెద్దాయన అనుభవం. ఆ అనుభవం ఏ రికార్డులోకి ఎక్కింది? గొలుసుకు ఒక వయసు ఉంది, లింకుకు ఒక మందం ఉంది, అది ఏటా ఎంత అరుగుతోందో కొలవొచ్చు. ప్రతి గేటుకు ఒక పేరు, ప్రతి గొలుసుకు ఒక తేదీ, ప్రతి తనిఖీకి ఒక సంతకం ఉన్న నమూనా తుపానునూ వరదనూ ఆపలేదు. ఈ సీజన్‌కు ముందు ఏ గొలుసు మార్చాలో మాత్రం అది చెప్పగలదు.

తెలంగాణలో మేడిగడ్డ సంగతి ఇంకా సూటిగా ఉంది. 2023 అక్టోబరు 21న బ్యారేజీ ఏడో బ్లాకులో పియర్లు కుంగిన తర్వాత వచ్చిన జాతీయ డ్యామ్ భద్రతా సంస్థ బృందం ఇరవై రకాల సమాచారం అడిగితే అందులో కొంతే చేతికొచ్చింది. వానాకాలానికి ముందు, తర్వాత జరగాల్సిన తనిఖీల్లో లోపాన్ని కూడా ఆ బృందం తన నివేదికలో ఎత్తిచూపింది. డిజైను తప్పా, నాణ్యత తప్పా, నిర్వహణ తప్పా అనే వాదన రాజకీయంగా ఎటు తిరిగినా, అప్పటికి నాలుగేళ్ల ముందే పూర్తయిన అంత పెద్ద కట్టడం గురించి అడిగిన సమాచారం అడిగినంతా దొరకలేదన్నది నాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయం. 2021 నాటి డ్యామ్ భద్రతా చట్టం ప్రతి డ్యామ్ యజమానీ తనిఖీల లాగ్‌బుక్, నిర్వహణ మాన్యువల్, అత్యవసర కార్యాచరణ ప్రణాళిక ఉంచుకోవాలని నిర్బంధం చేసింది. కేంద్ర జలసంఘం ధర్మ అనే అప్లికేషన్‌లో డ్యామ్‌ల ఆరోగ్యం నమోదు చేయిస్తోంది. జాతీయ రహదారుల మీది వంతెనలకు 2016 నుంచి ఐబీఎంఎస్ అనే వ్యవస్థలో ఒక్కోదానికి ప్రత్యేక సంఖ్య ఇచ్చి, వాటి స్థితికి మార్కులు వేస్తున్నారు. అంటే దేశం ఈ దారిలోకి వచ్చింది. డ్యామ్‌లు, జాతీయ రహదారుల దగ్గరే ఆగిపోయింది. మండలంలోని పీహెచ్‌సీ, హైస్కూలు, పంచాయతీ వాటర్ ట్యాంకు ఇంకా ఆ గడప తొక్కలేదు.

ఇదంతా పడమటి దేశాల నుంచి దిగుమతి చేసుకున్న అలవాటని అనుకునేవారికి మన చెరువులను గుర్తుచేయాలి. నెల్లూరు జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడు, 1883లో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం కింద ఒక్కో చెరువుకు ఒక మెమాయిర్ రాశారు. పరీవాహక ప్రాంతం ఎంత, కట్ట పొడవెంత, పూర్తి నీటిమట్టం ఎంత, తూములు ఎన్ని, వాటి అడుగు మట్టం ఎంత, కలుజు వెడల్పు ఎంత, కింద ఆయకట్టు ఎంత అనేవి అందులో ఉండేవి. మరమ్మతు చేసినవాడు మెమాయిర్‌లోని మట్టానికి కట్టుబడాల్సిందే. కలుజును అడుగు పెంచి పై పొలాలను ముంచడానికి, తూము దించి కింది రైతుకు ఎండగట్టడానికి వీల్లేకుండా ఆ పుస్తకమే సాక్షిగా నిలిచేది. ఇప్పటికీ మైనర్ ఇరిగేషన్ ఇంజనీర్లు పాత చెరువు దగ్గర తగాదా వస్తే మెమాయిర్ కోసమే వెతుకుతారు. చేత్తో రాసిన ఆ పుస్తకంలో ఉన్న ఆలోచనే బిమ్‌లోనూ ఉంది: ఆస్తి ఎంతకాలం బతుకుతుందో దాని రికార్డూ అంతకాలం బతకాలి, ఆ రికార్డు అధికారికి కాక ఆస్తికి అంటిపెట్టుకుని ఉండాలి. నూట నలభై ఏళ్ల కిందట కాగితం మీద చేయగలిగింది ఇవాళ ప్రతి సచివాలయంలో కంప్యూటరు ఉన్న రోజుల్లో చేయలేమంటే నమ్మడం కష్టం.

అమరావతి జంట నగరం

ఈ దారిలో ముందే ఒక పెద్ద అడుగు వేసినవాళ్లమూ మనమే. 2018-19 ప్రాంతంలో అమరావతి కోసం సిటీజెనిత్ అనే షికాగో కంపెనీ డిజిటల్ ట్విన్ తయారు చేస్తున్నట్టు ప్రకటించారు. ఫోస్టర్ అండ్ పార్ట్‌నర్స్ గీసిన రాజధానికి కంప్యూటర్‌లో అచ్చంగా ఒక జంట ఉంటుందని, ప్రతి భవనం కట్టకముందే అందులో పుడుతుందని, ప్రపంచంలో డిజిటల్ ట్విన్‌తో పుట్టిన తొలి నగరం ఇదేనని చెప్పారు. 2019 తర్వాత పనులు ఆగిపోయాయి. సచివాలయ టవర్ల పునాదుల్లో నీళ్లు నిలిచాయి, సగం లేచిన అధికారుల నివాసాల చుట్టూ కంప పెరిగింది. 2024లో పనులు మళ్లీ మొదలుపెట్టాలనుకున్నప్పుడు, ఆ నిర్మాణాలు ఎంత పదిలంగా ఉన్నాయో తేల్చడానికి ఐఐటీ మద్రాస్, ఐఐటీ హైదరాబాద్ నిపుణులు స్వయంగా వచ్చి పరీక్షించాల్సి వచ్చింది. అంతకాలం నీళ్లలో ఉన్న కాంక్రీటును నిపుణులు చూడటం ఎలాగూ అవసరమే, దాన్ని తప్పుపట్టడం లేదు. ఈ ఉదాహరణ చెప్పేది వేరు. జంట నగరం అంటే ఒక కంపెనీ సర్వర్‌లో, ఒక ఒప్పందం నడిచినన్నాళ్లు ఉండేది అయితే, ఒప్పందంతో పాటే అదీ అటకెక్కుతుంది. రోజూ నవీకరించే మనిషి, దానికో జీతం, దానికో పద్దు లేకపోతే ఎంత అందమైన నమూనా అయినా తొలి ఏడాదికే పాతబడుతుంది. 2025 మే 2న అమరావతి పనులు పునఃప్రారంభమయ్యాయి, కోటలో క్రిస్ సిటీ మొదలవుతోంది. ఈసారి పాఠం తెలిసే మొదలుపెడుతున్నాం. నగరమంతటి బొమ్మ కోసం ఆత్రపడకుండా, ఒక్కో పైపుకు, పంపుకు, పిల్లరుకు సరైన సమాచారం అడగాలి.

ఈ వాదనకు వచ్చే అభ్యంతరాల్లో గట్టిది ఖర్చు గురించినది కాదు. బిమ్ సాఫ్ట్‌వేర్ ఖరీదైనదే అయినా ఫ్రీక్యాడ్, బోన్సాయ్ లాంటి ఉచిత పరికరాలు ఉన్నాయి. ఐఎఫ్‌సీ ఫైలు తెరిచి చూడటానికి రూపాయి పెట్టనక్కర్లేదు. రెండువేల కోట్ల పనిలో ఈ ఖర్చు లెక్కకు రాదు. గట్టి అభ్యంతరం మనుషులకు సంబంధించినది. ‘నాడు-నేడు’ కింద 2019 నవంబరు నుంచి తొలి దశలో 15,715 బడుల్లో పనులు చేసినప్పుడు ప్రతి పద్దూ ఎస్‌టీఎంఎస్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలో నమోదైంది. ఖర్చు లెక్క తెలియడానికి అది బాగా ఉపయోగపడింది. తర్వాత మరుగుదొడ్ల నిర్వహణకు కూడా యాప్ వచ్చి, పాఠం చెప్పాల్సిన టీచర్లు ఫొటోలు తీసి అప్‌లోడ్ చేయాల్సి వచ్చింది. ఉపాధ్యాయ సంఘాలు అభ్యంతరం చెప్పాయి, అందులో న్యాయం ఉంది. రోజూ పంపే ఫొటోతో కుళాయి బాగుపడదు. ఏ కుళాయి, ఎప్పుడు పాడైంది, ఎవరు ఎన్ని రోజుల్లో బాగుచేశారు అన్న వరస అందులోంచి రాదు. అందువల్ల అడగాల్సిన సమాచారం తక్కువగా ఉండాలి, మార్పు జరిగినప్పుడే రాయాలి, రాయాల్సింది మరమ్మతు చేసినవాడే. మోటారు మార్చిన ఎలక్ట్రీషియన్ బిల్లు పాసవ్వాలంటే కొత్త మోటారు నంబరు నమోదు కావాలి అంటే, ఎవరినీ బతిమాలకుండానే రికార్డు తాజాగా ఉంటుంది. ఎంబుక్ ఇన్నేళ్లు బతికింది కూడా బిల్లుకు ముడిపడి ఉన్నందువల్లే.

రెండో అభ్యంతరం ఇంకా లోతైనది. గేటు పాడైందని తెలిసి కూడా బాగుచేయకపోతే కంప్యూటర్ ఏం చేస్తుంది? ఏమీ చేయదు. నిధులు ఇవ్వని ప్రభుత్వాన్ని ఏ నమూనా కదిలించలేదు. అయితే తెలిసిన విషయం ఎక్కడ ఉందన్నదాన్ని బట్టి చాలా తేడా ఉంటుంది. ఏఈ రాసిన లేఖ ఫైల్లో ఉంటే అది ఏఈకి, ఎస్‌ఈకి మధ్య మాట. అదే లోపం గేటు పేరు మీద, తేదీతో, ఊరివాళ్లు చూడగలిగేచోట నమోదై ఉంటే అది అందరి మాట అవుతుంది. ఇందులో మన రాష్ట్రానికి సొంత అనుభవం ఉంది. ఉపాధి హామీ పనులకు 2006 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక తనిఖీలు జరిపి, మస్టర్లను గ్రామసభలో చదివి వినిపించారు. చదువు రాని కూలీ కూడా తన పేరు మీద రాసిన దొంగ హాజరును లేచి నిలబడి ప్రశ్నించింది. ఆ పద్ధతే ఇక్కడా పనికొస్తుంది. వానాకాలానికి ముందు జరిగే గ్రామసభలో ఊరి షెల్టరు, బడి, వాటర్ ట్యాంకు రికార్డు చదివి వినిపించడానికి అరగంట చాలు. 2017 జూన్‌లో లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ తగలబడి 72 మంది చనిపోయాక జూడిత్ హాకిట్ కమిటీ ఎత్తిన విషయం కూడా ఇదే. భవనం పుట్టిన దగ్గర్నుంచి దాని సమాచారం తెగని దారంలా సాగాలని, అందులో నివసించేవాళ్లకు అది తెలియాలని 2018లో ఆ నివేదిక చెప్పింది. 2022లో అక్కడ చట్టం వచ్చింది. గ్రెన్‌ఫెల్ వాసులు అగ్నిభయం గురించి ముందు నుంచీ మొత్తుకుంటూనే ఉన్నారు. వాళ్ల మాటకు రికార్డు బలం లేకపోయింది.

భద్రత గురించి ఒక్క మాట. పక్కనే షార్ అంతరిక్ష కేంద్రం ఉంది, కృష్ణపట్నం ఓడరేవు ఉంది, థర్మల్ కేంద్రం ఉంది. ప్రతి పైపు మ్యాపూ అందరికీ తెరిచి పెట్టమని ఎవరూ అనరు. ఏది ఎవరికి కనిపించాలో విడదీయడానికి ఐఎస్‌ఓ 19650లోనే అయిదో భాగం ఉంది. షెల్టరు జనరేటరు నడుస్తోందా లేదా అన్నది మాత్రం ఏ దేశ రహస్యమూ కాదు.

కాబట్టి కోటలో చేయాల్సింది రెండు చోట్ల మొదలవుతుంది. క్రిస్ సిటీ టెండర్లలో కొన్ని షరతులు స్పష్టంగా ఉండాలి. భూమిలో పూడ్చే ప్రతి లైనునూ మట్టి కప్పకముందే కొలిచి నమూనాలోకి ఎక్కించాలి. కాంక్రీటు పోసిన ప్రతిసారీ గ్రేడు, కవర్, నీటి పరీక్ష నివేదిక ఆ భాగానికే జతచేయాలి. మొత్తం ఐఎఫ్‌సీలో, స్ప్రెడ్‌షీట్లలో ప్రభుత్వానికి అప్పగించాలి. డిఫెక్ట్ లయబిలిటీ గడువు ముగిసేలోగా ఒక్కసారైనా స్థలం దగ్గర నాలుగు చోట్ల తవ్వి నమూనా నిజమో కాదో సరిచూడాలి, తేడా వస్తే డిపాజిట్ ఆపాలి. పాత భవనాలకు ఇంత హంగు అక్కర్లేదు. కోట మండలంలోనే విద్యానగర్‌లో 1979 నుంచి ఎన్‌బీకేఆర్ ఇంజనీరింగ్ కళాశాల ఉంది. ప్రతి గ్రామ సచివాలయానికి 2019లో ఇంజనీరింగ్ అసిస్టెంట్ పోస్టు ఇచ్చారు. సివిల్ చివరి ఏడాది విద్యార్థులు ప్రాజెక్టు పనిగా ఒక్కో బృందం ఒక్కో షెల్టరునో బడినో టేపుతో కొలిచి, కవర్‌మీటరుతో కడ్డీల లోతు చూసి, పెచ్చులు ఊడినచోటల్లా గుర్తుపెట్టి ఒక చిన్న నమూనా తయారుచేస్తే, సచివాలయం ఇంజనీరింగ్ అసిస్టెంట్ దాన్ని స్వీకరించి ఏటా రెండుసార్లు సరిచూస్తే, రెండు మూడు విద్యా సంవత్సరాల్లో మండలంలోని ప్రభుత్వ భవనాలన్నింటికీ రికార్డు తయారవుతుంది. మొదటి జాబితాలో సముద్రానికి దగ్గరగా ఉన్న షెల్టర్లు, వాటికి వెళ్లే దారిలోని కల్వర్టులు ఉండాలి. ఈశాన్య రుతుపవనాలు అక్టోబరులో మొదలవుతాయి గనుక, కొలతల పని ఆగస్టుకే పూర్తి కావాలి.